తడి నేల మీద పుట్టిన జోన్

(గుంటూరులో వేసవి శిక్షణ శిబిరానికి వచ్చిన కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు, ఫిజికల్ డైరెక్టర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాన్ చప్పుడు కొంచెం తగ్గిస్తే... వద్దులెండి, ఈ ఎండలో ఫ్యాన్ ఆపమంటే నన్నే బయటికి పంపిస్తారు.

పీడీ సార్ నాకు ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు. "మా పిల్లలంతా జోనే ఆడతారయ్యా. నువ్వు అమెరికాలో జోన్‌కి పేరుపడ్డ ఊళ్లోనే చదివావు కదా, వచ్చి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. సార్ ఉద్దేశం జోన్, అంటే మనిషిని కాకుండా చోటుని కాసే డిఫెన్స్, ఇంకా బాగా ఎలా ఆడాలో చెప్పమని. నేను చెప్పబోయేది అది ఎక్కడెక్కడ తెగుతుందో. ముందే చెప్పేస్తున్నా సార్, తర్వాత తిట్టొద్దు.

నేను జోన్‌కి శత్రువుని కాదు. ఇక్కడికి దగ్గర్లోనే ఇంజినీరింగ్ చదివాను. మా కోర్టు సిమెంటుది. ఒక రింగు వెనక వేపచెట్టు, రెండో రింగు వెనక క్యాంటీన్. సాయంత్రం నాలుగున్నర దాటితే గాలి లేచేది. బయటి నుంచి షాట్ వేస్తే అది రింగు దాకా వెళ్తుందో, క్యాంటీన్ దాకా వెళ్తుందో వేసినవాడికే తెలిసేది కాదు. నేల మీద ఇసుక, వేపాకులు, అరిగిపోయిన షూస్. అలాంటి చోట మేము 2-3 జోన్ తప్ప ఇంకో డిఫెన్స్ ఆడిన పాపాన పోలేదు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, చేతులు చాపుకుని నిలబడటం. మూడేళ్లు బాగానే గెలిచాం. అదంతా మా తెలివే అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే సగం డిఫెన్స్ ఆడింది ఆ గాలి.

2012లో ఎంఎస్ చేయడానికి సిరక్యూస్ వెళ్లాను. న్యూయార్క్ రాష్ట్రంలో పైన, మంచు బాగా కురిసే ఊరు. అక్కడ జిమ్ బోహైమ్ అనే కోచ్ 1976 నుంచి 2023 దాకా, 47 సీజన్లు ఒకే యూనివర్సిటీ జట్టుని నడిపించారు. ఆయన కెరీర్ రెండో సగమంతా దాదాపు 2-3 జోనే. ఆటలు జరిగేది ఫుట్‌బాల్ స్టేడియంలో, ఒక చివర కోర్టు వేసి అడ్డంగా తెర కడతారు. పెద్ద మ్యాచ్‌కి 35 వేల మంది. నా స్టూడెంట్ టికెట్టు సీటు నుంచి ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనపడేవాళ్లు. కానీ పైనుంచి చూస్తే ఒక లాభం ఉంది. జోన్ మొత్తం ఒక వలలా కదలడం కనిపించేది. బంతి కుడికి పోతే వల కుడికి సాగేది, ఎడమకి పోతే ఎడమకి. చూడటానికి అంత అందమైన డిఫెన్స్ ఇంకోటి లేదు. వల అంటే కన్నాలు కూడా కదా. అవి కూడా పైనుంచే కనిపించాయి.

అసలు ఈ జోన్ ఎలా పుట్టిందో వింటే నవ్వొస్తుంది. వెస్ట్ వర్జీనియాలో కామ్ హెండర్సన్ అని ఒక కోచ్, తర్వాత మార్షల్ యూనివర్సిటీలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1910ల్లో ఒక చిన్న హైస్కూల్ జట్టుని ఆడిస్తున్నారట. జిమ్ పైకప్పు కారుతోంది, నేల తడి. ఎవడి మనిషి వెనక వాడు పరిగెత్తబోతే జారి పడుతున్నారు. ఇలా కాదని, ఎవడి చోట వాడు నిలబడి ఆ చోటుని కాపలా కాయండి అన్నారు. అక్కడ మొదలైందని చెప్పుకుంటారు. వాళ్లకి కారే కప్పు, మాకు వేపచెట్టు గాలి. నేల బాగోలేని చోట, షాట్ పడని చోట జోన్ బతుకుతుంది. ఇవాళ నేను చెప్పే మాటంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంటే జోన్ అనేది పందెం. "మీరు బయటి నుంచి వేయలేరు, వేగంగా పాస్ చేయలేరు" అని ఎదుటి జట్టు మీద కట్టే పందెం. ఇప్పటి అమెరికన్ కాలేజీ ఆటలో ఎదుటివాళ్లకి ఆ రెండూ వచ్చు.

మాటల్లో కాదు, చూపిస్తాను. ఒక ఐదుగురు లేవండి. పేర్లు వద్దు, జెర్సీ నంబర్లతో పిలుస్తాను. నాలుగు, ఏడు, మీరిద్దరూ ముందు. తొమ్మిది ఎడమ, పన్నెండు కుడి, పదకొండు నువ్వు మధ్యలో, రింగు ముందు. పొడుగ్గా ఉన్నావు, నువ్వే సెంటర్. బంతి లేదా? ఈ వాటర్ బాటిలే బంతి. ఈ బల్ల అంచు త్రీ పాయింట్ లైన్ అనుకోండి, దీని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు.

ఇప్పుడు బంతి కుడి పక్క కార్నర్‌కి వెళ్లింది. ఎవరు వెళ్లాలి? పన్నెండు. వెళ్లు. పన్నెండు వెళ్లగానే అతని చోటు ఖాళీ. పదకొండు అటు జరగాలి. జరుగు. పదకొండు జరిగితే రింగు ముందు ఖాళీ, కాబట్టి తొమ్మిది లోపలికి రావాలి. రా. ఇప్పుడు అందరూ ఆగండి, ఎక్కడివాళ్లు అక్కడే. ఎడమ కార్నర్ చూడండి. ఎవరున్నారు? ఎవరూ లేరు. నేను బాటిల్‌ని ఇక్కణ్నుంచి అక్కడికి విసిరితే... పట్టుకో తమ్ముడూ... తొమ్మిది రింగు కింద నుంచి అక్కడికి పరిగెత్తుకు రావాలి. వచ్చేలోపు షాట్ అయిపోయింది. దాన్ని స్కిప్ పాస్ అంటారు, మనుషుల తలల మీంచి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి. కాలు ఎంత వేగంగా పరిగెత్తినా చేతిలోంచి వెళ్లిన బంతికంటే వెనకే. ఇక్కడ తొమ్మిది చేసిన తప్పేమీ లేదు, చెప్పినట్టే చేశాడు.

ఈ కార్నర్ సంగతి ఎంత దూరం వెళ్లిందంటే, జోన్ చరిత్రలో గొప్ప క్షణం కూడా ఈ లొసుగులోంచే పుట్టింది. 2003లో అమెరికన్ కాలేజీల జాతీయ టోర్నమెంట్, అంటే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ ఫైనల్, న్యూ ఆర్లీన్స్. కార్మెలో ఆంథొనీ ఉన్న సిరక్యూస్, ఎదురుగా కాన్సాస్. చివరి క్షణాల్లో సిరక్యూస్ 81-78 ముందుంది. కాన్సాస్ ఆటగాడు మైకేల్ లీ చేతికి బంతి వచ్చింది. ఎక్కడ? కార్నర్‌లో. ఎదురుగా ఎవరూ లేరు. వేశాడు. అప్పుడు హకీమ్ వారిక్ లోపల్నుంచి రెండంగల్లో వచ్చి, గాల్లోకి లేచి, ఆ పొడవాటి చేత్తో బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. సిరక్యూస్‌లో ఆ ఫోటో లేని బార్ లేదు. అందరూ దాన్ని జోన్ గొప్పతనం అంటారు. నేను చూసిన ప్రతిసారీ నాకు ఇంకోటి కనపడుతుంది. ఫైనల్ చివరి క్షణాలు, అంత పేరున్న జోన్, కార్నర్‌లో మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడు! వారిక్ చెయ్యి ఇంకో నాలుగు అంగుళాలు పొట్టిదైతే? జోన్ పని జోన్ చేయలేకపోతే ఒక మనిషి చెయ్యి చేసింది.

రెండేళ్ల తర్వాత అలాంటి చెయ్యి దొరకలేదు. 2005, అదే టోర్నమెంట్ మొదటి రౌండ్. సిరక్యూస్ నాలుగో సీడ్ (టోర్నమెంట్ ముందు ఇచ్చే ర్యాంకు), వెర్మాంట్ పదమూడో సీడ్. వెర్మాంట్ అంటే చిన్న రాష్ట్రం, చిన్న యూనివర్సిటీ, అప్పటిదాకా ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ గెలిచింది లేదు. ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. టీజే సోరెంటీన్ అనే గార్డు, అంటే బయట బంతి నడిపే ఆటగాడు, త్రీ పాయింట్ లైన్‌కి చాలా వెనక నిలబడి వేశాడు, పడింది. పార్కింగ్ స్థలం నుంచి వేశాడని కామెంటేటర్ గస్ జాన్సన్ అరిచాడు. 60-57, వెర్మాంట్ గెలిచింది. జోన్ ఒక గీత దాకా వచ్చి ఆగుతుంది, ఆ గీత అవతల నిలబడి వేయగలిగినవాడిని ఏం చేస్తుంది? 2005లో అలాంటివాడు ఊరికొకడు. ఆ తర్వాత డేవిడ్సన్ అనే చిన్న కాలేజీ నుంచి స్టెఫెన్ కరీ వచ్చాడు, 2008 టోర్నమెంట్‌లో దేశమంతా అతన్నే చూసింది. అతన్ని చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వాళ్లకి ఆ దూరం దూరమే కాదు.

ఇక్కడ లైన్ సంగతి కొంచెం చెప్పాలి. అమెరికన్ కాలేజీల్లో మగవాళ్ల ఆటకి త్రీ పాయింట్ లైన్ దేశమంతటా 1986-87లో వచ్చింది. రింగు నుంచి 19 అడుగుల 9 అంగుళాలు. 2008లో ఒక అడుగు వెనక్కి జరిపారు. 2019లో అంతర్జాతీయ లైన్‌కి తెచ్చారు, అంటే మనం ఇక్కడ గీసుకునే 6.75 మీటర్లే. లైన్ వెనక్కి పోతే షాట్ కష్టం కదా, జోన్‌కి మంచిదే కదా అనుకున్నవాళ్లు ఉన్నారు. మొన్న రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. పాత లైన్ ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే దాదాపు 22 మీటర్లు. కొత్తది దాదాపు 24. కాపలా కాసేవాళ్లు మాత్రం అప్పుడూ ఐదుగురే, ఇప్పుడూ ఐదుగురే. పైగా ముందువాళ్లు రెండడుగులు బయటికి వచ్చారంటే, వాళ్లకీ వెనకవాళ్లకీ మధ్య రెండడుగుల సందు పెరిగినట్టే. క్రికెట్‌లో బౌండరీ వెనక్కి జరిపి, ఫీల్డర్లని పెంచకపోతే ఎలా ఉంటుందో అలా.

ఇంకో లెక్క. త్రీలు మూడింటిలో ఒకటి పడితే చాలు, లోపలి షాట్లు రెండింటిలో ఒకటి వేసినంత. మూడింటిలో ఒకటి ఎదురుగా ఎవరూ లేకుండా వేయడం ఇవాళ కాలేజీ గార్డుకి పెద్ద పని కాదు. కెన్ పొమరాయ్ అని కాలేజీ బాస్కెట్‌బాల్ లెక్కలు కట్టే ఆయన ఉన్నారు, ఆయన అంకెలు చూడని కోచ్ అక్కడ దొరకడు. ఆయన ఎన్నో ఏళ్ల మ్యాచ్‌లు చూసి చెప్పింది ఇది. ఎదుటి జట్టు ఎన్ని త్రీలు వేయాలో డిఫెన్స్ కొంతవరకు నిర్ణయించగలదు. వేసినవాటిలో ఎన్ని పడతాయో మాత్రం డిఫెన్స్ చేతిలో పెద్దగా లేదు. ఇది విన్నప్పుడు నాకు జోన్ మీద ఉన్న ప్రేమ సగం దిగిపోయింది. అంటే ఎదుటివాడు పన్నెండు త్రీలు మిస్ అయిన రోజు మనం "భలే జోన్" అని భుజాలు చరుచుకున్నాం, అది మన జోన్ కాదు, వాడి దురదృష్టం. వేసుకో అని వదిలేసి, పడకూడదని దేవుడికి దండం పెట్టడం డిఫెన్స్ ఎలా అవుతుంది?

సరే, బయటి షాట్ పక్కన పెడదాం. నన్నడిగితే అసలు లొసుగు అది కాదు. మళ్లీ లేవండి మీరైదుగురూ. ఈసారి నేనే వస్తున్నా. ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడ్డా, సరిగ్గా మీ మధ్యలో. దీన్ని హై పోస్ట్ అంటారని మీకు తెలుసు. బాటిల్ నా చేతికి వచ్చింది. ఇప్పుడు నేను ఎవరి మనిషిని? నాలుగు, ఏడు ఇద్దరూ పదకొండు వైపు చూస్తున్నారు. పదకొండు వాళ్ల వైపు చూస్తున్నాడు. చూడండి, చూడండి, ఇదే! ఇప్పుడు ఎవడో ఒకడు రావాలి. పదకొండు నా మీదికి వస్తే రింగు దగ్గర ఎవరూ లేరు, బేస్‌లైన్ మీద, అంటే రింగు వెనక గీత దగ్గర నిలబడ్డ మావాడికి చిన్న పాస్, డంక్. నాలుగు, ఏడు వెనక్కి తిరిగి నన్ను మూసేస్తే బయట ఇద్దరు షూటర్లు ఖాళీ. ఎవరూ రాకపోతే ఫ్రీ త్రో దూరం నుంచి నేనే వేసుకుంటా. మీరేం చేసినా తప్పే. జోన్‌కి నడిబొడ్డు ఇది. ఇక్కడ బంతి పట్టుకుని, కంగారు పడకుండా, తల ఎత్తి చూసేవాడు ఒకడుంటే చాలు.

2013లో మేం నలుగురు రూమ్మేట్లం, అందరం మనవాళ్లమే, ఒక్క టీవీ ముందు కూర్చుని ఇది కళ్లారా చూశాం. ఆ ఏడాది సిరక్యూస్ జోన్ టోర్నమెంట్‌లో మంచి ఊపు మీద ఉంది. మోంటానాని 34 పాయింట్లకి ఆపింది. నంబర్ వన్ సీడ్ ఇండియానాని 50కి. మార్కెట్ యూనివర్సిటీని 39కి! ముందు ఇద్దరు గార్డులూ ఆరడుగుల నాలుగంగుళాలు, ఆరడుగుల ఆరంగుళాలు. చేతులు చాపితే ఆకాశం కనపడదు. ఫైనల్ ఫోర్‌లో, అంటే సెమీఫైనల్లో, మిషిగన్ వచ్చింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడిగా అవార్డు తీసుకున్న ట్రే బర్క్ వాళ్ల గార్డు. జోన్ అతన్ని కట్టిపడేసింది, ఎనిమిది షాట్లలో ఒక్కటే పడింది. అంటే మ్యాచ్ మనదే కావాలి కదా? 61-56తో మిషిగన్ గెలిచింది. ఎందుకంటే వాళ్లు బంతిని బర్క్ దగ్గర ఉంచలేదు. మిచ్ మెగారీ అనే ఫస్టియర్ కుర్రాడు, ఆరడుగుల పదంగుళాల సెంటర్, పోయి ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడ్డాడు. బంతి అతనికి ఇచ్చారు. అతను తిరిగి చూసి పంచాడు. 10 పాయింట్లు, 12 రీబౌండ్లు (పడని షాట్లు అందుకోవడం), వాటితో పాటు 6 అసిస్టులు (పడ్డ షాట్‌కి ఇచ్చిన పాస్‌లు). సెంటర్‌కి ఆరు అసిస్టులు! హాఫ్ టైమ్‌కే 36-25. నా పక్కన కూర్చున్న విజయవాడ అబ్బాయి బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. అతను మూడోసారి చూసి అడిగాడు, "ఏరా, ఆ పొడుగోడిని ఎవరూ పట్టుకోరేంట్రా?" అని. అమాయకంగా అడిగాడు గానీ, ఆ ప్రశ్నకి ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఇప్పుడు పెద్ద జట్లన్నింట్లో పాస్ ఇవ్వడం వచ్చిన సెంటర్ ఉంటాడు. చాలామంది సెంటర్లు త్రీలు కూడా వేస్తారు. ఐదుగురూ బయటే నిలబడితే పదకొండు, నువ్వు రింగు ముందు నిలబడి ఎవరిని కాస్తావు? గాలిని.

షాట్ మిస్ అయింది అనుకుందాం. అక్కడితో అయిపోయిందా? కాలేదు. ఎవడి మనిషిని వాడు కాసే మ్యాన్ టు మ్యాన్‌లో షాట్ లేవగానే నా మనిషి నా వీపుకి ఆనుకుని ఉంటాడు, బాక్సవుట్ చేస్తాను, అంటే వీపుతో అడ్డుకుంటాను. జోన్‌లో నా వీపుకి ఎవరూ ఆనుకుని ఉండరు. నా ఏరియాలోకి ఎవడు దూకుతాడో దూకేదాకా తెలీదు. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. నువ్వు తీస్తావని నేను, నేను తీస్తానని నువ్వు, మధ్యలోంచి ఎదుటివాడు ఎత్తుకుపోతాడు. 2016 ఫైనల్ ఫోర్, హ్యూస్టన్, సిరక్యూస్ ఎదురుగా నార్త్ కరోలినా. మొదటి సగంలో వాళ్లు పది త్రీలు వేస్తే పదీ పోయాయి. ఒక్కటీ పడలేదు! జోన్ కట్టిన పందెం నెగ్గినట్టే. స్కోరు చూస్తే 39-28, నార్త్ కరోలినా ముందు. మిస్ అయినవాటిని బ్రైస్ జాన్సన్, కెన్నెడీ మీక్స్ లాంటి బలిష్టులు మళ్లీ తీసుకున్నారు, లోపలే వేసుకున్నారు. చివరికి 83-66.

2018 ఇంకా ముచ్చట. డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ జీవితమంతా మ్యాన్ టు మ్యాన్ గురువు. ఆ ఏడాది ఆయన దగ్గర మార్విన్ బ్యాగ్లీ, వెండెల్ కార్టర్ ఉన్నారు, ఇద్దరూ అదే ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్ జట్లు ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, మొదటి ఏడుగురిలో ఎంపికయ్యారు. కానీ మొదటి ఐదుగురిలో నలుగురు ఫస్టియర్ పిల్లలు, డిఫెన్స్ రాదు. సరేనని ఆయన జోన్‌కి మారారు. బాగానే నడిచింది. చివరికి క్వార్టర్ ఫైనల్ లాంటి మ్యాచ్‌లో కాన్సాస్ వచ్చింది. కాన్సాస్‌కి ఒకరిద్దరు తప్ప అంత పొడుగువాళ్లు లేరు. అయినా రీబౌండ్లు వాళ్లకే ఎక్కువ. ఆట అయిపోవస్తుండగా స్వి మిఖైలుక్ త్రీ కొట్టి సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో కాన్సాస్ వేసిన 13 పాయింట్లూ మాలిక్ న్యూమన్ ఒక్కడివే. 85-81. ఒక్కడు పూనకం వచ్చినట్టు ఆడుతుంటే మ్యాన్ టు మ్యాన్‌లో మంచి డిఫెండర్ని పిలిచి "వాడి నీడలా ఉండు" అనొచ్చు. జోన్‌లో ఆ మాట ఎవరితో అంటావు? వాడు ఈ చోటు నుంచి ఆ చోటికి నడిస్తే చాలు, కాపలా మారిపోతుంది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. అమెరికాలో శనాదివారాలు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల జట్టుకి కోచింగ్ ఇస్తాను. ఒక సీజన్‌లో సులువుగా ఉంటుందని జోన్ పెట్టాను. ఆ వయసు పిల్లలకి బయటి షాట్ రాదు కదా, వరసగా గెలిచాం. తల్లిదండ్రులు సంతోషం, నేను ఇంకా సంతోషం. చివర్లో ఒక జట్టు వచ్చింది. వాళ్ల కోచ్ ఒక సన్నటి పిల్లాణ్ణి తెచ్చి ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబెట్టాడు. అంతే. ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోయాం. కారెక్కేముందు మా సెంటర్ పిల్లాడు నా దగ్గరికి వచ్చి, "కోచ్, ఆ అబ్బాయి నా మనిషా?" అని అడిగాడు. ఏడుస్తున్నాడు. నేను అవుననలేను, కాదనలేను. రెండు నెలలు వాడికి నిలబడటం నేర్పాను, కాపాడటం నేర్పలేదు. అప్పట్నుంచి నేను ఆ వయసు పిల్లలకి జోన్ పెట్టలేదు. అమెరికాలో పిల్లల బాస్కెట్‌బాల్‌కి ఇచ్చే మార్గదర్శకాల్లో కూడా ఇంకా చిన్న పిల్లలకి జోన్ వద్దనే ఉంటుంది, నేను ఓడిపోయాక చదివాను.

జోన్ వదిలి బాగుపడ్డవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. టెక్సస్‌లో బేలర్ యూనివర్సిటీ. కోచ్ స్కాట్ డ్రూ చాలా ఏళ్లు జోన్ ఆడించారు. 2019-20లో మార్చేశారు. మ్యాన్ టు మ్యాన్, అదీ బంతిని మధ్యలోకి రానివ్వకుండా పక్కకే తోసే రకం. జోన్ ఎక్కడ తెగేదో, అంటే ఆ నడిబొడ్డుకి, దారే మూసేశారన్నమాట. 2021 ఫైనల్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడని గొంజాగాని 86-70తో కొట్టారు. ఇక సిరక్యూస్ సంగతి. 2023లో బోహైమ్ దిగిపోయాక, ఆయన దగ్గరే ఆడి, ఆయన దగ్గరే అసిస్టెంట్‌గా చేసిన ఏడ్రియన్ ఆట్రీ వచ్చారు. వచ్చి ప్రధానంగా మ్యాన్ టు మ్యాన్‌కి మారారు. గురువు గారి ఇంట్లో ఉంటూనే వంట మార్చేశారు. నాకు ఆ రోజు కొంచెం బాధేసింది, నిజం చెప్పాలంటే.

ఇంకో కారణం కూడా ఉంది, త్వరగా చెప్పేస్తా. బోహైమ్ జోన్ ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు. రెండేళ్లు, మూడేళ్లు కలిసి ఆడితే ఎవడు ఎప్పుడు జరుగుతాడో ఒంటికి పట్టేది. 2021 నుంచి ఆటగాళ్లు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే ఇంకో కాలేజీకి మారిపోవచ్చు. ఏటా సగం జట్టు కొత్త. ఒకరి మనసు ఒకరికి తెలియకుండా జోన్ ఆడటమంటే, పరిచయం లేనివాళ్లతో కోలాటం వేయడమే.

మరి జోన్ పూర్తిగా దండగా? కాదు. షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక షాట్ వేయడానికి ఉండే గడువు, ఒకప్పుడు 45 సెకన్లు, తర్వాత 35, 2015 నుంచి 30. జోన్‌ని విప్పడానికి టైమ్ పడుతుంది, కాబట్టి క్లాక్ తగ్గడం జోన్‌కి ఎంతో కొంత సాయమే. అందుకే తెలివైన జట్లు జోన్ కుదురుకునేలోపే పరిగెత్తుకొచ్చి వేసేస్తాయి. అలవాటు లేనివాళ్ల మీద జోన్ ఇంకా పనిచేస్తుంది. 2016లో పదో సీడ్‌గా, 2018లో పదకొండో సీడ్‌గా సిరక్యూస్ అంత దూరం వెళ్లిందంటే కారణం అదే. ఒకటి రెండు రోజుల్లో ఆ జోన్‌కి సిద్ధం కావడం అవతలివాళ్లకి కష్టం. కానీ ఆ 2016లోనే వర్జీనియా మీద రెండో సగంలో 15 పాయింట్లు వెనకబడ్డప్పుడు వాళ్లని గట్టెక్కించింది నిలబడే జోన్ కాదు. కోర్టంతా వెంటపడే ప్రెస్. వెనకబడ్డప్పుడు జోన్ ఎదురు చూస్తూ నిలబడుతుంది, గడియారం మాత్రం నిలబడదు.

సరే, మీరు అడగండి. అవునమ్మా, చెప్పు... అమ్మాయి అడుగుతోంది, "మాకు ఒక్కతే మంచి సెంటర్. మ్యాన్ టు మ్యాన్ ఆడితే మూడో క్వార్టర్‌కే నాలుగు ఫౌల్స్ అవుతాయి, అప్పుడైనా జోన్ ఆడొద్దా?" అని. ఆడు తల్లీ. అది నిజమైన కారణం. ఐదు నిమిషాలు ఆడు, ఆమెను దాచుకో, మళ్లీ మ్యాన్‌కి రా. టైమౌట్ తర్వాత ఒకసారి, బేస్‌లైన్ నుంచి ఎదుటివాళ్లు బంతి లోపలికి వేసేటప్పుడు ఒకసారి, వాళ్లు రాసుకొచ్చిన ప్లే చెడగొట్టడానికి. నలభై నిమిషాలు మాత్రం వద్దు.

వెనక సార్... "మన కోర్టులు ఇంకా సిమెంటువే కదా, గాలి ఇంకా ఉంది కదా" అంటున్నారు. నిజమే సార్. మన ఊళ్లో మన కోర్టు మీద జోన్ ఇంకా గెలుస్తుంది. మీవాళ్లు యూనివర్సిటీ జట్టుకి సెలెక్టయి ఇండోర్ కోర్టులో, చెక్క నేల మీద ఆడే రోజు అక్కడ గాలి ఉండదు. ఆ రోజు మొదటిసారి మ్యాన్ టు మ్యాన్ నేర్చుకోమంటే వాళ్లు ఏం చేస్తారు?

ఇక చాలు, ఎండ తగ్గింది. షూస్ వేసుకున్నవాళ్లు కోర్టు మీదికి రండి. ఇందాకటి ఐదుగురూ జోన్‌లో నిలబడండి, మిగతావాళ్లు దాన్ని విప్పండి. హై పోస్ట్‌లో ఎవరు నిలబడతారు? పదకొండు, నువ్వు డిఫెన్స్‌లో ఉన్నావు, చెయ్యెత్తకు. పొడుగు అక్కర్లేదు, తల ఎత్తి చూసేవాడు కావాలి... ఎవరూ లేరా? పీడీ సార్ లేస్తున్నారు. సార్, మోకాలు జాగ్రత్త. బాటిల్ వద్దు, ఎవరైనా బంతి తెండి.